చెవి వెనక మచ్చ

నా తల మీద ఉన్నది చుండ్రు కాదు. గజ్జి కాదు, తామర కాదు, ఏ పామునో చంపిన పాపమూ కాదు. దాని పేరు సోరియాసిస్. ఇప్పుడైతే బస్టాండులో నిలబడి కూడా చెప్తాను గానీ, ఒకప్పుడు ఈ మాట ఇంట్లో అనడానికే సిగ్గుపడేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన కొత్తలో మొదలైంది. నుదుటి పైన, వెంట్రుకల అంచున రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, దాని మీద తెల్లటి పొట్టు. గోకితే పొట్టు రాలేది, ఇంకా గోకితే సన్నగా నెత్తురు చెమర్చేది. ఏడాది తిరక్కముందే తలంతా పాకింది. దేవరకొండ దగ్గరి మా ఊళ్లో అందరూ నాకు వైద్యులైపోయారు. ఒకరు వేపాకు నూరి పట్టించమన్నారు. ఒకరు వంకాయ మానమన్నారు. ఇంకొకరు పుట్టలో పాలు పొయ్యమన్నారు. అన్నీ చేశాను. వంకాయ మానినందుకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

చివరికి నల్లగొండలో ఒక చర్మం డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటు పడి ఒంటి మీదికి తిరగబడుతుందట. పాత చర్మం రాలేలోపే కొత్తది తోసుకొస్తుంది, అదే ఆ పొట్టు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. పూర్తిగా పోదు, మందులతో అదుపులో ఉంటుంది. చలికాలం, మనసును తినే మనాది, తాగుడు, గొంతునొప్పి దాన్ని రెచ్చగొడతాయి. లేచి వస్తుంటే ఇంకో మాట అన్నారు. "దెబ్బ తగలకుండా చూసుకో. చర్మం తెగిన చోట కొత్త మచ్చ లేవొచ్చు."

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే మా నాయిన పట్టుకున్నది ఒక్క ముక్కే. "అంటదన్నదా డాక్టరమ్మ? ఇగ నీకు ఫికరెందుకురా?"

ఫికర్ నాకు కాదు, లోకానికి. దేవరకొండలో నేనెప్పుడూ వెళ్లే సెలూన్‌లో ఒకరోజు దువ్వెన నా తలలో సగం దారిలో ఆగిపోయింది. పక్క కుర్చీలో ఉన్నాయన లేచి నిలబడ్డాడు. "అన్నా, జర తగ్గినంక రా" అన్నాడు సెలూన్ అతను. మెడకు కట్టిన గుడ్డ నేనే విప్పి అతని చేతిలో పెట్టాను. పెళ్లయి ఒక బిడ్డకు తండ్రినైనవాణ్ణి, బస్సులో కిటికీ వైపు తిరిగి ఊరు వచ్చేదాకా ఏడ్చాను.

నాయిన నా ఎర్రబడ్డ కళ్లు చూశాడు. తను మీసాలు కత్తిరించుకునే చిన్న కత్తెర తెచ్చి, వాకిట్లో పీట వేసి "కూసో" అన్నాడు. జీవితంలో ఎవరి జుట్టూ కత్తిరించిన మనిషి కాదు. "ఊగకురా, చెవు తెగితే మీ అమ్మ నన్ను సంపుతది" అంటూనే నా తలను మెట్లు మెట్లుగా చేసి పెట్టాడు. కానీ మచ్చలు కనపడకుండా ఎక్కడ ఎంత జుట్టు ఉంచాలో చూసి చూసి నేర్చుకున్నాడు. పని అయ్యాక నా భుజాల మీది పొట్టు చేత్తో దులిపేవాడు. ఆ రోజు నుంచి నా జుట్టు ఆయన చేతిలోనే ఉంది.

తర్వాత షాద్‌నగర్‌లో సీసాల మూతలు చేసే కంపెనీలో చేరాను. జీతం చూసి చేరానని అందరూ అనుకున్నారు. అక్కడ లోపలికి పోవాలంటే ప్రతి ఒక్కరూ టోపీ పెట్టుకోవాలి, అందుకు చేరాను. సెలవు దొరికినప్పుడు ఊరికొచ్చి, టోపీ తీసి నాయిన ముందు కూర్చునేవాణ్ణి.

నాయిన పత్తి ఏరే రోజుల్లో పోయాడు. పెద్ద కొడుకును, తలకొరివి నేనే పెట్టాను. మా దగ్గర కొరివి పెట్టిన కొడుకు పదో రోజున గుండు చేయించుకొని నీళ్లు వదలాలి. ఆ దుఃఖానికి తల మొత్తం భగ్గుమని లేచింది, దిండు మీద తల ఆనించలేకపోయేవాణ్ణి.

పదో రోజు పొద్దున మా చేను కాడ, బోరు దగ్గర అందరం చేరాం. మా చిన్నాయిన నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దోడా, నీకు రెండు ఎంటికలు కత్తిరిస్తే సాలు. గుండు తమ్మునికి చేపిద్దాం, నీళ్లు గూడ వాడే ఇడుస్తడు. గీ తల సూస్తే సుట్టాలు ఒక్కలన్న బంతిల కూసుంటరా?"

క్షౌరం చేసే ఆయన తల దించుకున్నాడు. "పటేలా, నాకేం బయం లేదు. నీకు గీ కత్తి పెట్టిన్నని తెలిస్తే రేపు నా తానికి ఎవ్వలు రారు." ఆయన బతుకు ఆయనది, ఆయన్ను ఏమనను? చిన్నాయిన మీద మాత్రం ఒళ్లు మండింది. నాయినకు నేను చేయగలిగిన చివరి పని అది. దాన్ని కూడా నా చేతిలోంచి లాక్కుంటారా?

"చిన్నాయినా, అంటుకునేదైతే ఇన్నేండ్లు నాకు ఎంటికలు కత్తిరించిన నాయినకు అంటాలె గదా? ఆయనకు ఆఖరి తానం పోసింది నువ్వే. ఆయన చేతుల మీద ఒక్క మచ్చన్న కనవడ్డదా? చెప్పు, గీడ అందరి ముందల చెప్పు."

చిన్నాయిన కండువా దులుపుకొని బోరు వైపు నడిచాడు.

"గుండు నేనే చేసుకుంట" అన్నాను. ఇంటి నుంచి నేను గడ్డం గీసుకునే కత్తి, నాయిన కత్తెర తెప్పించి, కత్తికి కొత్త బ్లేడు వేసి తమ్ముడి బండి అద్దం ముందు కూర్చున్నాను. ముందుగా నాయిన కత్తెరతో జుట్టు తీసేశాను. నీళ్లు చల్లుకొని గీకడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ మాట గుర్తుంది. గుర్తుండే గీసుకున్నాను. తమ్ముడు వచ్చి అద్దం నా వైపు వంచి పట్టుకున్నాడు. వెనక వైపు అద్దానికి అందలేదు, వేళ్లతో తడుముకుంటూ పోయాను. కుడి చెవి వెనక కత్తి జారింది, నెత్తురు మెడ మీదుగా కారింది. అమ్మ "అయ్యో కొడకా" అని లేచింది. ఆగమని చేయి చూపాను.

నీళ్లు నేనే వదిలాను. మధ్యాహ్నం తలకు తువ్వాల కూడా చుట్టుకోకుండా బంతిలో అన్నం వడ్డించాను. కొందరు విస్తరి ముందు నుంచి లేచారు. లేచినవాళ్లకు చేతులు కడుక్కోవడానికి నీళ్లు కూడా నేనే ఇచ్చాను. మిగిలినవాళ్లు తిన్నారు. వంకాయ కూర బాగుంది, నేనూ కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు కంపెనీలో పని అయిపోగానే టోపీ తీసి జేబులో పెట్టుకుంటాను. అడిగినవాళ్లకు జబ్బు పేరు చెప్తాను. అడక్కుండా చూసేవాళ్లకు ఇంకాస్త గట్టిగా చెప్తాను.

తర్వాత నల్లగొండ పోయినప్పుడు డాక్టరమ్మ చెవి వెనక చూసి "ఇక్కడ తెగిందా?" అన్నారు. ఆమె ముందే చెప్పినట్టు, కత్తి జారినంత మేరా సన్నటి ఎర్రటి గీతలా మచ్చ లేచింది. అన్నిటికీ రాసే మందే దానికీ రాస్తున్నాను, ఒకసారి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మిగతా మచ్చలు నాకే ఎందుకొచ్చాయో ఆమె చెప్పలేరు, నేనూ చెప్పలేను. దీని సంగతి మాత్రం నాకు తెలుసు. ఇది మా నాయిన కోసం నేను చేతులారా తెచ్చుకున్నది.