చుట్టాల బిందె

మా అక్క ఇంట్లో నీళ్ల బిందెలు రెండుండేవి. ఒకటి సత్తు బిందె. వాకిలి ముందున్న బోరింగు కింద పెట్టి, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొడితే నిండేది. ఇంటిల్లిపాదీ తాగేది ఆ నీళ్లే. రెండోది ఇత్తడి బిందె. దాన్ని అవ్వ తెల్లారక ముందే మైలు దూరంలోని మామిడి తోపుకు నడిచిపోయి, అక్కడి పాత దిగుడుబావిలో ముంచుకొచ్చేది. ఆ నీళ్లు తియ్యగా ఉండేవి. అవి చుట్టాలకు మాత్రమే. ఇంటి పిల్లలు దాహమేసి అందులో చెంబు ముంచబోతే అవ్వ చేతి మీద ఒక్కటేసేది. మా ఇళ్లలో మర్యాద అంటే అదే. కూటికి లేకపోయినా వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వాలి.

ఆ మర్యాద వల్ల మా అక్కకు ఏం జరిగిందో రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ దాటవేస్తూ వచ్చాను. అందులో నా పాత్ర ఉండడమే కారణం. ఇప్పటికీ రాయబుద్ధి కావడం లేదు.

అక్కను మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చారు. అంటే అక్కకు మామే మొగుడు, అవ్వే అత్త. మాలో అది వింత కాదు, అలా ఇవ్వకపోతేనే వింత. మామ వాళ్ల ఊరు తమిళనాడులోని కృష్ణగిరి నుంచి పోచంపల్లి పోయే బస్సు దిగి, చేల గట్ల మీద కాసేపు నడిస్తే వస్తుంది. గొర్రెలు, కొద్దిగా రాగి చేను. వీధి మొత్తం మా వాళ్లే. ఏ ఇంటి గడప తొక్కినా ఏదో ఒక వరసైనవాళ్లే తగులుతారు. కరువు సంవత్సరం ఒకటి వచ్చి బావులెండిపోతే, ఆ వీధిలో బోరు వేశారు. నీళ్లు పడినరోజు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అక్క కూతురు అప్పటికి చంకబిడ్డ.

ఆ పిల్లకు ఆరేళ్లు వచ్చేసరికి మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేవి. పాదాలు మాత్రం దూరంగా ఉండిపోయేవి. నాలుగడుగులు వేస్తే పడిపోయేది. రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడికీ అదే మొదలైంది. పళ్ల మీద ఇద్దరికీ గోధుమరంగు చారలు. వీధిలో ఇంకా కొందరు పిల్లలకు అలాగే ఉంది. అక్క మొక్కని దేవుడు లేడు.

నేను హోసూరులో అమ్మానాన్నల దగ్గర ఉండేదాన్ని. ఎస్సెల్సీ ప్యాసై, టైపు నేర్చుకుని, ఉద్యోగం లేక ఇంట్లో అందరితో తగాదా పడుతున్న కాలం అది. డెబ్బైల నడిమి సంవత్సరాలు. అప్పుడు బెంగుళూరు నుంచి ఒక పరిశోధన జట్టు వచ్చి కృష్ణగిరిలో ఇల్లు అద్దెకు తీసుకుంది. పల్లెల్లో పిల్లల రక్తం, తాగే నీళ్లు, ఎవరు ఎవరిని చేసుకున్నారనే వివరాలు సేకరించడం వాళ్ల పని. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చి, కాస్త ఇంగ్లీషు ముక్కలు వచ్చిన ఆడమనిషి కావాలన్నారు. నన్ను తీసుకున్నారు. జీపులో ముందు సీటు ఇచ్చారు. నా కాళ్లు నేల మీద ఆనలేదు.

జట్టుకు పెద్ద ఒక ఉత్తరాది డాక్టరు. మన భాషలేవీ రావు. నెమ్మదైన మనిషి, పిల్లలకు సూది వేసేటప్పుడు ఆయన మొహమే ముందు ముడుచుకుపోయేది. అంతకుముందు చాలా ఏళ్లు ఆఫ్రికాలో పడమటి అంచున ఉన్న ఒక చిన్న దేశంలో ఇదే పని చేశాడట. ఒక నది, దాని రెండు గట్లు, అంతే దేశమంతా అని చెప్పేవాడు. అక్కడ కూడా పల్లె పల్లె తిరిగి పిల్లల రక్తం, బావుల నీళ్లు, తల్లుల బరువులు, ఎవరికి ఎవరు పుట్టారో అన్నీ రాసుకునేవాళ్లట.

ఒకరోజు జీపులో ఆయన అన్నాడు. అక్కడ ఏ ఇంటికి పోయినా ముందు నీళ్లిచ్చి, తర్వాతే పేరు అడుగుతారట. పైగా తనకోసం వేరే కుండలోంచి తెచ్చేవాళ్లట.

"మా ఇళ్లల్లోనూ అంతే సార్" అన్నాను గర్వంగా. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మామ ఊరికి జట్టును తీసుకుపోయింది నేనే. అక్క పిల్లల కాళ్లు చూపిస్తే ఏదో ఒక మందు దొరక్కపోతుందా అని నా ఆశ. అక్క ఆశ ఇంకా పెద్దది. అప్పటికి ఆమెకు మళ్లీ నెల తప్పింది. ఈసారి పుట్టేదానికైనా కాళ్లు సరిగ్గా ఉంటాయా అన్నది ఒక్కటే ఆమె ప్రశ్న. డాక్టరు వాకిట్లో కూచుని పిల్లల పళ్లు చూసి, మోకాళ్లు తడిమి, తల ఊపాడు. నీళ్లు చూడాలన్నాడు. నా చేతికి సీసా ఇచ్చి, వాళ్లు రోజూ తాగే నీళ్లే పట్టమన్నాడు. ఆ మాట నేను అప్పటికి ప్రతి ఊళ్లో, ప్రతి ఇంట్లో చిలకలా చెప్పి ఉన్నాను.

లోపలికి పోయేసరికి అవ్వ ఇత్తడి బిందె మూత తీసి సిద్ధంగా ఉంది.

"అవ్వా, దినామూ తాగేవి కావాలంట" అన్నాను.

"ఏమే, బెంగుళూరు దాకా పోయే నీళ్లు గదా? ఆ ఉప్పు నీళ్లు పోసిస్తే మనల్ని ఏమనుకుంటారే? గొర్రెలోళ్లు గొర్రెలు తాగే నీళ్లే తాగతారు అనరా?"

అక్క కూడా అంది. "సుమ్మనే ఉండి ఇవే పోసుకోవే. మంచి నీళ్లు ఇస్తే తప్పేముండాది?"

డాక్టరు బయటే ఉన్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. వేయలేదు. జీపు ముందు సీట్లో కూచునే నేను గొర్రెలవాళ్ల పిల్లనని నాకూ గుర్తొచ్చింది. ఆ ఉప్పునీళ్ల మీద మా ఇంటి పేరు రాసి పంపడం నాకూ నామోషీ అనిపించింది. అక్క చెంబుతో పోసింది. నేను బిరడా బిగించి, పేరు రాసిన కాగితం అంటించాను. తర్వాత అదే బిందెలోంచి డాక్టరుకు తాగడానికిచ్చాం. తియ్యగా ఉన్నాయన్నాడు. అవ్వ మురిసిపోయింది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇత్తడి బిందె ఉందనీ, ప్రతి సీసాలోనూ తోపు బావి నీళ్లే పోయాయనీ నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం కుటుంబాల పటాలు గీశాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి ఒక గీత. దగ్గర రక్తమైతే రెండు గీతలు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, మా వంశం పటం నా చేత్తో నేనే గీస్తుంటే నాకు అలాగే ఉంది. ఎక్కడ చూసినా రెండేసి గీతలే. మా వాళ్లు పెళ్లికి గడప దాటింది తక్కువ.

"నాలుగేండ్లు దాకా పాప కాళ్లు నిటారుగానే ఉన్నాయప్పా" అని అవ్వ డాక్టరుతో రెండుసార్లు చెప్పింది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన రాసుకున్నాడు కూడా.

నెలన్నర తర్వాత మళ్లీ పోయాం. డాక్టరు గుంజకానుకుని నిలబడ్డాడు. పళ్లు చూసి నీళ్ల దోషమేమో అనుకున్నాననీ, కానీ ఆ వీధి నీళ్లన్నీ బాగున్నాయనీ చెప్పాడు. నీళ్లు కాకపోతే మిగిలింది రక్తమే. ఇంత దగ్గరి రక్తం ఇన్ని తరాలు కలిసింది కాబట్టి అదే కారణం అయ్యుండొచ్చు. కడుపులో ఉన్న బిడ్డ సంగతి తాను తేల్చి చెప్పలేననీ, ఆ తర్వాత మాత్రం పిల్లలు వద్దనుకుంటే మంచిదనీ అన్నాడు.

అది మా అక్కకు తెలుగులో చెప్పింది నేను.

అబద్ధం చెప్పను. నీళ్లు బాగున్నాయని ఆయన అన్నప్పుడే ఇత్తడి బిందె నా కళ్ల ముందుకు వచ్చింది. నీళ్లు ఎక్కడివైనా నీళ్లే కదా, భూమి లోపల అన్నీ ఒకటే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. చెబితే నా పని పోతుంది, ఆ ఊరి సీసాలన్నీ పారబోయాలి, అందరి ముందూ తల వంచుకోవాలి. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అక్క ఏడవలేదు. మామను ఒకసారి చూసి, "మా ఇద్దురి రక్తమేనా?" అని మాత్రం అడిగింది. మామ లేచి గొర్రెల దొడ్డిలోకి పోయాడు. పెళ్లి కుదిర్చిన అవ్వ ఆ పూట అన్నం తినలేదు.

వారం తిరగకుండా అక్క కృష్ణగిరి ఆస్పత్రికి పోయి కడుపు తీయించుకుని, ఆపరేషన్ కూడా చేయించుకుంది. తోడు నేనే ఉన్నాను. అప్పటికి నాలుగో నెల. బస్సులో తిరిగివస్తుంటే చీర కొంగు నోట్లో కుక్కుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి పట్టుకునే హక్కు నాకు లేదని అప్పుడు కూడా నాకు తెలుసు.

కాళ్లు సరిగ్గా ఉన్న మగబిడ్డ ఒకడన్నా ఇంట్లో ఉండాలని, మామకు రెండో పెళ్లి చేయాలని అవ్వ పట్టుబట్టింది. మామ వద్దన్నాడు. చివరికి పిల్లను చూడడానికి పోయింది అక్కే. పోచంపల్లి సంతకు గొర్రెలు తోలుకొచ్చేవాళ్లలో, మాకు ఏ వరసా తగలని ఒక ఇంటి పిల్లను చూసి వచ్చింది. రక్తం కలవని పిల్ల అని ఊరంతా చెప్పుకున్నారు. ఆ పిల్ల వచ్చి అక్కను అక్కా అని పిలిచింది. ఏడాదిలో కొడుకు పుట్టాడు. స్నానం పోసినప్పుడల్లా అక్క వాడి కాళ్లు రెండూ నూనె పెట్టి చాచి చూసేది. నిటారుగా ఉన్నాయి. నాకూ కాస్త ఊపిరి ఆడింది. నేను ఆ సీసా సంగతి మర్చిపోవడం మొదలుపెట్టాను.

వాడికి ఐదో ఏడు నడుస్తుండగా నేను పండక్కి కాదు, ఊరికే చూడడానికి పోయాను. అప్పటికి ఎనభైలు వచ్చేశాయి, పరిశోధన జట్టు ఎప్పుడో సర్దుకుని పోయింది. వాడు వీధి చివర నుంచి నన్ను చూసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్లు తగులుకుని మధ్యలోనే పడ్డాడు. లేచి నవ్వాడు. పళ్ల మీద చారలు.

ఆ సంవత్సరమే నీళ్లు పరీక్షించేవాళ్లు ఎవరో వచ్చారు. వాళ్లు ఏ ఇంట్లోనూ అడగలేదు. వాళ్లే బోరింగు కొట్టుకుని సీసా పట్టుకున్నారు. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉందని తేలింది. పిల్లల ఎముకలను వంచేది అదేనన్నారు. బోరింగుకు ఎర్ర రంగు పూసి, తాగొద్దని చెప్పి పోయారు. వంగిన కాళ్లు తిరిగి రావన్నారు.

తెలిసిన మర్నాడే పోయాను. అక్క వాకిట్లో రాగులు చెరుగుతోంది. పక్కన కూచుని అంతా చెప్పాను. ఆ రోజు బిందె నాకు గుర్తొచ్చిందనీ, నోరెత్తలేదనీ కూడా చెప్పాను. ఆమె చెరగడం ఆపలేదు.

"నీళ్లు పోసింది నేనే గదే" అంది చివరికి.

"నాకు తెలిసీ చెప్పలేదక్కా."

చేట కింద పెట్టింది. "తోపు నీళ్లు తాపి పెంచింటే ఆ బిడ్డకి ఏమీ అయ్యుండదు గదా?" అని అడిగింది. నన్నే అడిగింది. ఆరేడేళ్ల నాటి కడుపును చేత్తో తడుముకుంటూ అడిగింది. అవునన్నది జవాబు.

అప్పటినుంచి రోజూ తెల్లారకముందే అక్క, ఆ రెండో ఆమె కలిసి తోపుకు పోయి నీళ్లు తెచ్చేవాళ్లు. ఇద్దరూ నెత్తిన మోసి తెచ్చిందీ పిల్లలకే సరిపోయేది కాదు. అవ్వ అప్పటికి మంచాన పడింది. మర్యాద పోయిందని సణిగేది, ఎవరూ వినేవాళ్లు కాదు.

తర్వాత ఒకసారి వేసవిలో పోయాను. బస్సు దిగి నడిచి, చెమటలు కక్కుతూ గడపలో కూచున్నాను. అక్క లోపలికి పోయి సత్తు బిందెలో చెంబు ముంచి తెచ్చి నా ముందు పెట్టింది.

"చుట్టాలకి ఇవే ఇస్తాండాము. ఒకటి రెండు దినాలు తాగితే ఏమీ కాదంట" అంది.

కోపంతో అందో, ఉన్నమాటే అందో నేను అడగలేదు. లోపల చిన్నవాడు కాళ్లు ఈడ్చుకుంటూ పోయి ఇత్తడి బిందెలో లోటా ముంచుకున్నాడు. వాడి చేతి మీద ఎవరూ కొట్టలేదు. నేను చెంబెత్తి ఆ ఉప్పునీళ్లు అడుగుదాకా తాగాను.