బజ్జీ కింద నాలుగో ఆప్షన్

సాయంత్రం కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొన్నాను. ఎవరో వదిలేసిన పోటీ పరీక్ష ప్రశ్నల జిరాక్స్ కాగితంలో పెట్టి ఇచ్చాడు బండతను. ఒకటి కొరికానో లేదో, పక్కనున్న గడ్డం కుర్రాడు మెడ చాచి నా చేతిలోకే చూస్తున్నాడు. ఆకలేమో అనుకుని, “తీసుకో బాబూ” అన్నాను.

“వద్దక్కా. గా బజ్జీ జర పక్కకు జరుపుతరా? నాలుగో ఆప్షన్ కనవడ్తలేదు.”

జరిపాను. నూనెకి వెనకవైపు అక్షరాలు కూడా ముందుకి తేలాయి. అయినా గడగడా చదివేసి, “జవాబు గదే” అన్నాడు.

“హాస్టల్లో పుస్తకాల్లేవా?”

“ఉన్నయక్కా. ముందు పెట్టుకుంటే ఒక్క ముక్క ఎక్కది. ఇట్ల వేరేటోళ్ల చేతుల కనవడితే మాత్రం కండ్లు ఆగవు. పరీక్ష ఆదివారమే.”

నవ్వుదామనుకున్నాను కానీ, అప్పటికే నేను ఐదో ప్రశ్నలో ఉన్నాను. చల్లారిన బజ్జీలు ఇద్దరం తిన్నాం. కాగితం అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన ఉత్త చేతులతో దిగారు. చిక్కడపల్లిలో కూరలు తెమ్మని నేను పెట్టిన మెసేజ్‌కి మధ్యాహ్నమే బొటనవేలు బొమ్మ పెట్టారు, చదవలేదట.

రేపటి నుంచి కూరల లిస్టు వేరేవాళ్ళ బజ్జీ కింద పెట్టిస్తాను. మీ ఇంట్లో ఏ వైద్యం పనిచేస్తోందో చెప్పండి. బొటనవేళ్ళు మాత్రం పెట్టకండి.