చంద్రగిరిలో పరాయి పాపకు చెప్పిన మాట

మనవరాలికి జ్వరం తగ్గితే కొండమీద తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నది నేను. జుట్టు మాత్రం దానిది. ఈ తేడా అరవై దాటిన నా బుర్రకు ఎక్కడానికి ఒక రాజు మేడ దాకా పోవలసి వచ్చింది.

పాపకు ఎనిమిదేళ్లు. నగరిలో మా ఇంట్లో, మగ్గం పక్కన పలక పెట్టి నాకు అక్షరాలు నేర్పింది అదే. తప్పు రాస్తే స్కేలుతో వేళ్ల మీద ఒకటి వేసేది. అటువంటి పంతులమ్మకు నేను చేసిన మర్యాద ఏమిటంటే, ఒక్క మాట అడగకుండా గుండు కొట్టించడం. కత్తి ఆడుతున్నంతసేపూ అది ఏడవలేదు. కింద పడిన జడను చూసి ఏడ్చింది. అప్పటినుంచి నాతో మాట లేదు.

కొండ దిగాక నా కొడుకు, "ఇంకా పొద్దుండాది, పిల్లోళ్లకి చంద్రగిరి సూపిద్దాం," అన్నాడు. పాప, దాని తమ్ముడు, కొడుకు, కోడలు, నేను. ఐదుగురం ఆటో ఎక్కాం. ఎక్కేముందు కోడలు పాపకు ఎర్ర టోపీ ఒకటి కొనిచ్చింది. పాప దాన్ని చెవుల కిందికి లాక్కుంది.

"మా, నేను సోమవారం బడికి పోను. గుండూ గుండూ అని ఎగతాళి సేస్తారు."

"మూడు నెలలకు వచ్చేస్తాది లేమ్మా," అంది కోడలు.

"అట్లయితే మూడు నెలలకే పోతా."

నేను ఊరుకోలేదు. "దేవునికిచ్చింది మే అది! జుట్టు పోతే సదువు పోతాదా?"

పాప నా వైపు తిరగను కూడా తిరగలేదు. "మా, అవ్వకి సెప్పు. ఇంక నేను అచ్చరాలు నేర్పను."

 అయినా తప్పు ఒప్పుకునే నోరు కాదు నాది.

రాజమహల్ లోపల చల్లగా ఉంది. "నాయనా, రాజు యాడ?" అని చిన్నోడు ప్రతి గదిలోనూ అడిగాడు. "పనుండి బయటికి పోయినాడప్పా," అన్నాడు వాడి నాయన. ఒక రాతి విగ్రహం పక్కన తెలుగులో రాసిన పలక కనిపించింది. కూడబలుక్కుంటూ చదివాను. మూడో మాటలో ఒత్తు కింద ఒత్తు వచ్చి ఆగిపోయి, అలవాటుగా పక్కకు తిరిగాను. పాప లేదు.

బయటికి పరుగెత్తాను. పచ్చిక మీద ఎర్ర టోపీ, అటు తిరిగి నిలబడి ఉంది. చెయ్యి పట్టుకుని లాక్కుంటూ నడిచాను. ముఖం చూస్తే మాట పెగలదని చూడకుండానే అనేశాను.

"ఎంతసేపు మే ఆ మూతి? సరే, తప్పు నాదే. మొక్కు నాది, జుట్టు నీది. నిన్ను అడిగిండాల్సింది. అడగలేదు. సాలా?"

"యారు పాట్టి నీంగ?" అంది టోపీ అరవంలో, ఎవరు అవ్వా నువ్వు అని.

దాని వెనకే తెలుగు కూడా వచ్చిన వాళ్లమ్మ ఉరికి వచ్చింది. "ఏమ్మా, మా పాపని యాడికి ఈడ్చుకోని పోతాండావు?"

అదే టోపీ, అదే గుండు, మెడ మీద అదే గంధం. వెనకనుంచి మా పాపను జడతోనే గుర్తుపట్టడం నాకు అలవాటు. ఆ గుర్తు తీయించిందీ నేనే. మెట్ల మీద మా పాపతో సహా మా వాళ్లందరూ నిలబడి అంతా వింటున్నారు. నా కొడుకు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "మార్చుకుంటే మార్చుకుందాం లేమ్మా. మనదానికన్నా ఈ గుండే నున్నగా ఉండాది!"

ఆ అరవ పిల్ల ధైర్యస్తురాలు. టోపీ తీసి, మా పాప ముందు తల వంచింది. "తొట్టు పారు." తాకి చూడమని. పాప తాకింది. తర్వాత తనూ టోపీ తీసింది. రెండు గుండ్లూ ఒకదాన్నొకటి తడుముకుని కిచకిచా నవ్వుకున్నాయి.

నవ్వు ఆగాక పాప నా ముందుకొచ్చి నిలబడింది. పొద్దుటినుంచి మొదటిసారి.

"ఆ పాపకి సెప్పినావే, అది నాకు సెప్పు."

పరాయి పిల్లకు సులువుగా వచ్చిన మాట, మన పిల్ల కళ్లలోకి చూస్తే రాదు. అయినా చెప్పాను. 

"సోమవారం బడికి నువ్వూ రావల్ల. మొక్కు నీదేనని అందరికీ సెప్పల్ల. అప్పుడైతే పోతా."

వెళ్లాను. ఏ తరగతి గదిలోనూ ఏనాడూ అడుగు పెట్టని మనిషిని, గుమ్మంలోనే ఆగిపోయాను. "దీనికి గుండు కొట్టించింది నేను. నవ్వితే నన్ను చూసి నవ్వండి," అన్నాను. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, "తాకి సూడొచ్చా?" అని అడిగింది.

మా పాప పంతులమ్మలాగా నడుం మీద చెయ్యి వేసుకుంది. "వరసగా రాండి. నెట్టుకోవద్దండి. ఒక్కొక్కరికి ఒక్కసారే."

గుమ్మం దాకా వరస కట్టారు. ఆ వరస చివర నేనూ నిలబడ్డాను.