రెండో పుస్తకం

ఆరేళ్లుగా ఒక మాటను దిగమింగుకుని తిరుగుతున్నాను. అమ్మకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. మీరు నాకేమీ కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది తమిళనాడులో, తిరువళ్లూరు పక్కన మణవాళనగర్. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తెలుగులో మాట్లాడతాను, పోట్లాడతాను, దేవుడికి మొక్కుకుంటాను. చదవడం మాత్రం అప్పట్లో రాదు. తిరువళ్లూరులో పాత పుస్తకాలను స్కాన్ చేసి డిజిటల్ లైబ్రరీలో పెట్టే చిన్న కంపెనీ ఒకటుండేది. అక్కడ ఉద్యోగానికి నింపిన కాగితంలో ‘తెలుగు చదవగలను, రాయగలను’ అని ఇంగ్లీషులో రాశాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

రెండేళ్లకు చెన్నై కంపెనీ ఒకటి మమ్మల్ని కొనేసింది. వాళ్లకో లైబ్రరీ, మాకో లైబ్రరీ. రెండింటినీ ఒకటి చేయాలి. ఒకే పుస్తకం రెండు మూడుసార్లు ఉంటే ఒకటి ఉంచి మిగిలినవి తీసేయాలి. అనుమానమున్న వాటి జాబితాను సాఫ్ట్‌వేర్ ఇస్తుంది, మనిషి తెరిచి చదివి తేల్చాలి. మాలో సగం మందిని ఇంటికి పంపేశారు. నన్ను ఉంచుకున్నది తెలుగు వచ్చని. తెలుగు జాబితా మొత్తం నాకే ఇచ్చారు.

అచ్చు పుస్తకాలైతే అట్ట మీది బొమ్మలు చూసి నెట్టుకొచ్చాను. ఒకరోజు చేతిరాత నోటుబుక్కులు ఏడు వచ్చాయి. నేను చేరకముందు ఎవరో స్కాన్ చేసినవి. ఒకే గోధుమరంగు అట్ట, ఒకే చేతిరాత, ఒకే సిరా. పేజీలు తిప్పాను. అన్నీ ఒకేలా కనిపించాయి. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే నాకు రాదని బయటపడుతుంది. మొదటిది ఉంచి, ఆరింటికి ‘నకలు’ అని గుర్తు పెట్టాను. నెల తిరిగేసరికి అవి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. పాత సర్వర్‌ను కూడా ఖాళీ చేసేశారు.

ఇంతవరకే అయితే పొరపాటు అనుకోవచ్చు. తప్పు ఆ తర్వాత చేశాను.

ఆ పై నెల తిరుత్తణి కొండకు వెళ్లి, దిగేటప్పుడు మా నాన్న స్నేహితుడి ఇంటికి వెళ్లాను. నేతపనిలో బతుకంతా గడిపిన మనిషి. మామా అని పిలిచేదాన్ని. ఒళ్లో గోధుమరంగు నోటుబుక్కులు పెట్టుకుని చెదలు దులుపుతున్నాడు. ఏడు.

“మీ కంపెనీవోళ్లే గదా పాపా, ఈటిని కంప్యూటర్‌లో ఎక్కించినారు? మా అమ్మ మగ్గం కాడ పాడిన పాటలు, నేను రాసి పెట్టినా. ఒగో పాటకి రెండు మూడు బుక్కులు పట్టినాయి. ఇప్పుడు చెదలు తింటా ఉండాయి. రాసిన కాయితాన్ని కుప్పలో ఎయ్యకూడదు, కాల్చకూడదు. పూండి చెరువు నీళ్లలో ఇడిచేద్దామని ఉండా. ఏడూ బద్రంగా ఉండాయి గదా?”

ఆయన ఒళ్లోని పుస్తకాల వైపు చూడకుండా అన్నాను:

“ఉండాయి మామా. ఇడిచేయండి.”

“నువ్వు చెప్తే సాలు. నీకు తెలుగు చదవను వస్తాది గదా, ఒగనాడు వచ్చి చదివి వినిపించు. నాకు కండ్లు ఆనట్లే.”

‘స్కాన్ సరిగ్గా రాలేదు, ఇటు ఇవ్వండి మామా, ఇంకోసారి చేస్తాం’ అంటే సరిపోయేది. ఒక చిన్న అబద్ధం వాటిని కాపాడేది. ఎందుకు అనలేదు? మళ్లీ ఎందుకని ఆఫీసులో అడుగుతారనా? ఉద్యోగం పోతుందనా? అవన్నీ నిజమే. కానీ ఇంకొకటుంది, దాన్ని రాయడానికి చేయి రావడం లేదు. ఆ పుస్తకాలు నీళ్లలో కలిసిపోతే నా తప్పుకు ఇక సాక్ష్యం ఉండదని ఆ క్షణంలో తోచింది. తోచడమే కాదు, హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ శుక్రవారమే పసుపు కుంకుమ పెట్టి వదిలి వచ్చాడట. ఇప్పుడు నేను చెన్నైలో పనిచేస్తున్నాను. మా ఆఫీసులో తాగే నీళ్లు పూండి నుంచే వస్తాయంటారు. తేలు కుట్టిన దొంగలా ఆ నీళ్లు తాగుతూ కూర్చుంటాను.

మామ ఇంకా ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా “ఎప్పుడొచ్చి చదువుతావు పాపా?” అంటాడు. పని ఎక్కువగా ఉంది మామా అంటాను.

పోయినేడు తిరుపతి బస్టాండులో ఒకటో తరగతి వాచకం కొన్నాను. అ ఆలు దిద్దాను. నలభై ఏళ్ల దాన్ని, తలుపేసుకుని దిద్దాను. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక మొదట తెరిచింది మామ పుస్తకాన్నే, లైబ్రరీలో మిగిలిన ఆ ఒక్కదాన్నే. మగ్గం ముందు కూర్చున్న కోడలు పుట్టింటి దారిని వర్ణిస్తూ పాడే పాట. ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగింది. చదవడానికి పదకొండు రోజులు పట్టింది.

నేను రాస్తున్న ఈ కాగితాలను మామ చదవలేడు. నేనే వెళ్లి చదివి వినిపించాలి. వెళతానో లేదో మాట ఇవ్వలేను. మీ ముందు మాత్రం దాచడానికి ఇంకేమీ లేదు. గుండె మీది రాయి దిగలేదు గానీ, ఊపిరి ఆడుతోంది.

ఆ పుస్తకం చివరి పేజీలో, అడుగున, ఆయన రాసుకున్నాడు: ‘పాట ఇంకా ఉంది. తక్కినది రెండో పుస్తకంలో.’

రెండో పుస్తకం లేదు. లేకుండా చేసింది నేను. నేను తెలుగులో రాసిన మొదటి మాటలు ఇవే.