చిరుగు పూడేదాకా

నా చిన్నప్పుడు మా రేపల్లె బడిలో కంప్యూటరు ఒక్కటే, దాని ముందు కుర్చీ ఒక్కటే. పిల్లలం మాత్రం గదినిండా ఉండేవాళ్ళం. తెనాలి నుంచి పొద్దుటి బండికి వచ్చే సారు ఒకరోజు, తెర మీద పది మెట్లు గీయించాలంటే కంప్యూటరుకు ఏం చెప్పాలో కాగితం మీద రాయమన్నారు. బాగా రాసినవాళ్ళకే ఆ వారమంతా కుర్చీ.

నేను 'పక్కకు జరుగు, పైకి జరుగు' అని పదిసార్లు, గుండ్రటి అక్షరాలతో, కింద ఎర్ర సిరా గీతలు కొట్టి మరీ రాశాను. పక్కింటి అమ్మాయి రెండే ముక్కలు రాసింది: 'పక్కకు జరిగి పైకి జరుగు. పది మెట్లు అయ్యేదాకా ఇదే చెయ్యి.' కుర్చీ దానికే దక్కింది. నా దస్తూరి బాగుందని సారు మెచ్చుకున్నారు. అంతకు మించిన అవమానం ఉంటుందా!

వేటకు వెళ్ళడం మానేసిన మా తాతయ్య నులకమంచం మీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తుండేవారు. ఆయన వల కళ్ళు కుడుతుంటే, కళ్ళు కుట్టినదాన్ని నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను.

"చూడు తాతయ్యా, నేను పదిసార్లు రాశాను, ఆ బద్ధకపుది 'ఇదే చెయ్యి' అని రెండు ముక్కలు గీకితే కుర్చీ దానికిచ్చారు!"

"అట్టాగా! అయితే ఇవాళ నువ్వు చెప్పు, నేను కడతా. చెప్పకపోతే చెయ్యి కదపను."

దారం చుట్టు, దూర్చు, బిగించు. చుట్టు, దూర్చు, బిగించు. ఇరవై ముళ్ళకే నా నోరెండిపోయింది. "ఇట్టాగే చేస్తా ఉండు తాతయ్యా" అనేసి బెల్లంముక్క కోసం లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి చిరుగు ఎప్పుడో పూడింది. తాతయ్య చెయ్యి ఆగలేదు. వలను మంచం నులకతో కలిపి ముళ్ళేసేస్తున్నారు!

"అయ్యో, ఆపు తాతయ్యా!"

"ఎందాకా కట్టాలో నువ్వు చెప్పలేదుగా, అమ్మడూ."

ఆ ముళ్ళన్నీ ఇద్దరం కూర్చుని విప్పాం. గోళ్ళు నొప్పెట్టేవేళకు నాకు తెలిసివచ్చింది, పక్కింటి పిల్లది బద్ధకం కాదని. చేయాల్సిన పని ఒక్కసారి, ఆగాల్సిన చోటు ఒక్కసారి చెప్పి ఊరుకుంది. అది తెలిశాక కుళ్ళు తగ్గాలి కదా, రెట్టింపయింది.

తాతయ్య నా మొహం చూసి, "మరి ఆ పిల్ల మీద ఈ ఏడుపు ఎందాకానే?" అన్నారు.

"నాకు కుర్చీ వచ్చేదాకా."

తరువాతి వారం కుర్చీ వచ్చింది. ఏడుపు ఆగలేదు. అప్పటికే ఆ పిల్ల కీబోర్డు చూడకుండా టైపు కొట్టేస్తోంది!

ఇప్పుడు ఆ పాఠాన్ని పిల్లలకు నేనే చెబుతున్నాను, మొదటిరోజున ఒక వల ముక్క పట్టుకెళ్ళి. బాపట్లలో అదే పని చేస్తున్న ఆ పక్కింటి అమ్మాయి, తన బడి పిల్లలకు బహుమతి వచ్చిందని మెసేజ్ పెడితే ఇప్పటికీ నా కళ్ళు కుడతాయి. ఎందాకానే అని తాతయ్య గొంతు వినబడుతుంది. చేతిలో కాఫీ అయ్యేదాకా అని హద్దు పెట్టుకుంటాను. ఆఖరి గుక్క దిగగానే దానికి మనసారా నాలుగు మంచి మాటలు రాస్తాను.

గ్లాసు మాత్రం కాస్త పెద్దదే.