భుయ్యాడీహ్ వెళ్ళొద్దన్న కాగితం

ఆ కాగితం రాసింది నేనే. స్టీలు స్కేలు పెట్టి గళ్ళు గీసింది కూడా నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే తరవాతిది రాయడం కొంచెం తేలికవుతుంది.

ఇక్కడి ఉక్కు కార్ఖానాలో మెకానికల్ మెయింటెనెన్సులో ముప్ఫై ఏడేళ్ళు పనిచేశాను. అప్రెంటిస్‌గా చేరిన రోజు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ రాస్తున్నాను. రోజుకి నాలుగైదు వాక్యాలు, అంతే. ఎండా వానా, ఏ షిఫ్టు, ఏది పాడైంది, ఇంటికి ఎవరొచ్చారు, ఎవరెక్కడికి వెళ్ళారు. రిటైరయ్యాక షిఫ్టు పోయింది గానీ మిగిలినవన్నీ ఉన్నాయి. ఇంట్లో ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చిందో తెలియాలంటే మా ఆవిడ నా అలమర దగ్గరకే వస్తుంది.

గోల్‌మురిలో మాది చిన్న ఇల్లు, చుట్టూ అంతా హిందీ మాట్లాడే ఊరు. మేమిద్దరం, కొడుకు, కోడలు. కోడలిదీ ఈ ఊరే. మా నాన్నలాగే ఆ అమ్మాయి తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చి ఉండిపోయాడు. తండ్రి లేడు. తల్లి ఊళ్ళోనే భుయ్యాడీహ్‌లో, నది వైపు వెళ్ళే సందులో రెండు గదుల ఇంట్లో ఉంటూ బట్టలు కుడుతుంది. కోడలు దగ్గర్లోని బడిలో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతుంది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. అందులో అమర్యాద ఏమీ లేదు, ఇక్కడ పుట్టిన పిల్లలందరూ అంతే. మనసు బాగా కష్టపడ్డప్పుడు మాత్రం తెలుగులోకి వస్తుంది. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను.

పెళ్ళైన రెండో ఏడు మొదటిసారి నెల తప్పింది. మూడో నెల నిండేదాకా ఆ మాట గడప దాటకూడదని మా ఆవిడ నియమం. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. కోడలి తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఏడో వారంలో పోయింది. ఉన్నదని చెప్పలేదు కనక పోయిందనీ చెప్పలేదు. పక్కింటావిడ అడిగితే జ్వరం అన్నాం. బడికి కూడా జ్వరమనే రాసిచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఐదో రోజు పొద్దున్న జడ వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆనాటి నా డైరీలో ఉన్నది ఇది: "కోడలికి ఒంట్లో బాగోలేదు. సాయంత్రం వాన." అంతకు మించి ఏం రాయాలో నాకు తెలియలేదు.

ఎనిమిది నెలల తరవాత రెండోసారి. అప్పుడు స్కాన్ దాకా వెళ్ళాం. లోపల గుండె కొట్టుకోవడం లేదన్నారు. మావాడు ఆ రిపోర్టు కవరు బీరువా మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. గంటసేపు కొళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి, మా ఆవిడ కూడా కట్టెయ్యమని కేకెయ్యలేదు. మళ్ళీ అందరికీ జ్వరమనే చెప్పాం. ఈ పిల్లకి మాటిమాటికీ ఈ జ్వరాలేమిటి, రక్తం పరీక్ష చేయించండి అని పక్కింటావిడ మంచికే చెప్పింది.

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. మా డిపార్టుమెంటులో ఒకే బేరింగు రెండోసారి పోతే కొత్తది వేసి వదిలెయ్యకూడదు. పోకముందు వారం రోజుల్లో ఏం జరిగిందో షీటు మీద రాయాలి. రెండుసార్లకీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. నా సర్వీసులో అలా పట్టుకున్నవి చాలా ఉన్నాయి. అదే పద్ధతిలో ఆ రెండు వారాల డైరీ తీసి గళ్ళు గీశాను. బడికి వెళ్ళిందా, బరువులేమైనా ఎత్తిందా, ఎక్కడెక్కడికి వెళ్ళింది. రాసుకుంటూ పోతే రెండు గళ్ళలోనూ ఒకటి దొరికింది. ఆదివారం, ఆటోలో భుయ్యాడీహ్, తల్లి ఇల్లు. ఆ దారంతా గోతులు. ఆ సాయంత్రం నాకు చాలా ఊరటగా అనిపించింది. కారణం తెలిస్తే మరమ్మతు చెయ్యచ్చు కదా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

కోడలికి నేను చెప్పలేదు. మామగారు కోడలితో ఇలాంటివి మాట్లాడడం మా ఇళ్ళల్లో లేదు. మా ఆవిడకి చెప్పాను. ఆవిడ దాన్ని తన మాటగా కోడలికి చెప్పింది. ఈసారి నెల తప్పితే మూడు నెలలు నిండేదాకా అమ్మ ఇంటికి వెళ్ళొద్దని.

మూడోసారి కోడలు ఆ మాట దాటలేదు. ఐదు ఆదివారాలు ఇంట్లోనే ఉంది. తల్లీ కూతుళ్ళు ఫోన్లో మాట్లాడుకునేవారు. ఆవిడే రావచ్చు కదా అంటే, పిలవందే ఆడపిల్ల తల్లి కూతురి అత్తవారింటికి రాకపోవడం మా వాళ్ళలో ఆనవాయితీ. పిలవాలని మాకు తోచలేదు. ఆవిడ చింతకాయ పచ్చడి నూరి, సీసాలో పెట్టి, తెలిసిన ఆటోవాడి చేత పంపేది. ఐదో ఆదివారం దాటి మంగళవారం నాడు అదీ పోయింది.

ఊళ్ళోనే సోనారిలో ఒక లేడీ డాక్టరు దగ్గరకి వెళ్ళాం. కొడుకూ కోడలూ వెళ్తుంటే నేనూ బయలుదేరాను, నా దగ్గర షీటు ఉంది కనక. డాక్టరు కోసం దాన్ని ఇంగ్లీషులో శుభ్రంగా తిరగరాసి, మూడో గడి కూడా చేర్చాను. ఆ మూడో గడిలో భుయ్యాడీహ్ లేదు. అప్పుడైనా నాకు అర్థం కావలసింది. మూడోదానికి వేరే కారణం ఉండి ఉంటుందనుకున్నాను.

డాక్టరు దాన్ని రెండుసార్లు చదివింది. ఆటో కుదుపులకీ మెట్లెక్కడానికీ ఇలా జరగదని హిందీలో నెమ్మదిగా చెప్పింది. మొదటి వారాల్లో పోయేవాటిలో చాలావరకు పిండం ఏర్పడడంలోనే ఏదో తేడా ఉంటుంది, అది ఎవరూ ఆపగలిగింది కాదు అంది. భార్యాభర్తలిద్దరికీ పరీక్షలు రాస్తున్నాను అని, ఇద్దరికీ అన్న మాట నా వైపు చూసి అంది. కారణం దొరకచ్చు, దొరక్కపోవచ్చు. దొరకనివాళ్ళకి కూడా తరవాత పిల్లలు పుడుతూనే ఉంటారు అంది.

కోడలు చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుంది. నా అక్షరాలు తనకి తెలుసు. వద్దన్నది అత్తగారి నమ్మకమని ఇన్నాళ్ళూ అనుకున్న పిల్ల గళ్ళన్నీ చదివింది. మా అమ్మ దగ్గరకి వెళ్ళినందువల్ల కాదు కదా అని డాక్టర్ని అడిగింది. కాదంది డాక్టరు. అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. డాక్టరు తన చెయ్యి పట్టుకుని, కాదు, అస్సలు కాదు అని చెప్పింది.

బయటికొచ్చి ఆటో ఆపింది. నాతో తెలుగులో అంది.

"మావయ్యా, నాను అమ్మకాడికి ఎల్తన్నాను."

వెళ్ళనా అని అడగలేదు. మావాడు నన్ను చూశాడు, తనని చూశాడు, ఆటో ఎక్కాడు. నేను ఒక్కణ్ణీ ఇంటికొచ్చాను.

వచ్చి అలమర తెరిచాను. ఈసారి ఆ రెండు వారాలే కాదు, కోడలు మా ఇంటికి వచ్చిన రోజు నుంచి అన్నీ చూశాను. రెండు రోజులు పట్టింది. దాదాపు ప్రతి ఆదివారం నా దస్తూరీలోనే ఉంది: కోడలు భుయ్యాడీహ్ వెళ్ళింది. కడుపుతో లేనప్పుడూ వెళ్ళింది, ఉన్నప్పుడూ వెళ్ళింది. రోజూ అన్నం తిన్నదని కూడా రాసే అలవాటు ఉంటే అన్నమే కారణమని తేల్చేవాణ్ణేమో. పనిలో ఉండగా కుర్రాళ్ళని ఇదే విషయానికి ఎన్నిసార్లు కసిరానో. మిషను ఆగిపోయిన వారం చూశావు, బాగా నడిచిన వారం చూశావా అని.

మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"మీరు సెప్పేరని నాను సెప్పేను. ఆ గుంట నన్ను మనసులో ఎన్ని తిట్టుకుందో." చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని అంది. "నన్ను తిట్టుకుంటే బాగున్ను. తనని తనే తిట్టుకునుంటాది."

కోడలు పది రోజులు రాలేదు. మావాడు డ్యూటీకి ఇక్కణ్ణుంచి వెళ్ళేవాడు, సాయంత్రం అక్కడికి వెళ్ళేవాడు. తను ఇంక రానంటోందని, అక్కడే ఒక గది చూసుకుందామంటోందని చెప్పాడు. నువ్వేమన్నావని అడిగితే, ఆమెకి ఎలా కావాలంటే అలాగే అన్నాను నాన్నా అన్నాడు. వాడు అన్నది సరైనదే. కానీ ఒక ఆడపిల్ల నా గళ్ళ కాగితం వల్ల ఇల్లు విడిచి వెళ్ళిందన్నది నాకు మింగుడుపడలేదు. పదకొండో రోజు నేనే భుయ్యాడీహ్ వెళ్ళాను.

వియ్యపురాలు మిషను కుడుతోంది. నన్ను చూసి కూడా ఆ కుట్టు చివరిదాకా లాగి, దారం తెంపి, అప్పుడు లేచింది.

"రండి అన్నయ్యా. పిలవకపోయినా వచ్చేరు, సంతోసం."

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ కుర్చీ మీది బట్టలు తీస్తూ అంది.

"మా ఇంటికొత్తే కడుపు పోద్దని రాసేరంట గదా. ఏటన్నయ్యా, నా బిడ్డ పిల్లల్ని నానే మింగీసేనా?"

కోడలు లోపలి గుమ్మంలోకి వచ్చింది. మొదటిసారి పోకముందు ఆదివారం ఇక్కడ అమ్మ చేప వేపిందని, తిని, ఏదో మాటకి బాగా నవ్వి, ఈ మంచం మీదే పడుకున్నానని చెప్పింది. నవ్వినందుకా, పడుకున్నందుకా, మెట్లు దిగినందుకా అని నెలల తరబడి వెతుక్కుందట. అత్తగారు వద్దనేసరికి ఇదేనేమో అనుకుందట.

"అమ్మా నానూ కలిసి సంపీసేమనుకున్నాను మావయ్యా. ఫోన్లో అమ్మ గొంతు ఇన్నా బయమేసేది."

వియ్యపురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ మాట ఆవిడకి కూడా అప్పుడే తెలిసింది.

నేను చెప్పవలసింది దారి పొడుగునా కూర్చుకుని వెళ్ళాను. అందులో సగం కూడా నోటికి రాలేదు.

"నువ్వు పెళ్ళైనకాడ్నుంచీ ప్రతి ఆదివారం ఇక్కడికి వచ్చేవు తల్లీ. నాను రెండు ఆదివారాలే సూసేను. తప్పు నా లెక్కది. నీది కాదు. మీ అమ్మది కాదు."

"అత్తమ్మకి సెప్పేరా ఇది?"

"సెప్పేను."

కోడలు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తరవాత అంది.

"పక్కింటోలకి జొరమని సెప్పేరు. బడిలో జొరమనే సెప్పేను. నాకు జొరం రానేదు మావయ్యా. ఇంకెప్పుడూ అలగ సెప్పకండి."

చెప్పను అన్నాను. ఇక్కడికి రావాలనిపించినప్పుడల్లా వస్తాను, ఎవరినీ అడగను అంది. అడగక్కర్లేదు అన్నాను. వస్తానని గానీ రానని గానీ ఆ రోజు చెప్పలేదు. వియ్యపురాలు టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. వారం తిరిగాక ఒక సాయంత్రం ఇద్దరూ సంచీలతో ఆటో దిగారు. మా ఆవిడ గేటు దగ్గరకి ఎదురెళ్ళి, ఒక సంచీ అందుకుని, అన్నం తిందువు రా అంది. వాళ్ళిద్దరి మధ్య వేరే మాటలేమైనా జరిగి ఉంటే నాకు తెలియదు.

పరీక్షలన్నీ చేయించుకున్నారు. ఇద్దరివీ బాగానే ఉన్నాయి. కారణం అంటూ ఏదీ తేలలేదు. వాళ్ళిద్దరూ దాన్ని నాకంటే త్వరగా ఒప్పుకున్నారు. నాకు చాలాకాలం పట్టింది. ఏ భాగమూ చెడకుండా ఆగిపోయేది కూడా ఉంటుందన్నది నా చదువులో లేదు.

పోయిన ఏడు వానలు తగ్గాక నాలుగోసారి నెల తప్పింది. తల్లికి ముందు చెప్పింది, తరవాత మాకు. మా ఆవిడ భుయ్యాడీహ్ వెళ్ళి, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రమ్మని వియ్యపురాల్ని బొట్టు పెట్టి మరీ పిలిచింది. ఆదివారాలు కోడలు ఎప్పటిలాగే వెళ్ళేది. నేను వీధి చివరిదాకా వెళ్ళి ఆటో పిలుచుకొచ్చేవాణ్ణి. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసేవాణ్ణి. డాక్టరు చెప్పింది బుర్రకి ఎక్కింది గానీ కాళ్ళకి ఇంకా ఎక్కలేదు.

ఎనిమిదో వారంలో అదీ పోయింది.

మర్నాడు పక్కింటావిడ గోడ దగ్గర అడిగింది, మీ కోడలు బడికి వెళ్ళలేదేమని. మా ఆవిడ చేతిలోని బకెట్టు కింద పెట్టి, "దానికి కడుపు పోయిందమ్మా. నాలుగోది" అంది. పక్కింటావిడ మధ్యాహ్నం పప్పూ అన్నం గిన్నెలో తెచ్చి కోడలి మంచం పక్కన కూర్చుని వెళ్ళింది. బడి నుంచి ఇద్దరు టీచర్లు వచ్చారు. ఒక్కొక్కరూ వస్తుంటే ఇన్నాళ్ళూ ఆ పిల్లని ఎంత ఒంటరిగా వదిలేశామో నాకు తెలుస్తూ వచ్చింది.

వియ్యపురాలు బట్టల మూట కట్టుకుని వచ్చి పది రోజులు ఉంది. రెండో రోజు సాయంత్రం ముందు గదిలో తల్లి ఒళ్ళో తల పెట్టుకుని కోడలు పైకే ఏడ్చింది. అంతకుముందు మూడుసార్లూ తలుపు వేసుకుని ఏడ్చింది, మాకు వినపడకుండా. నేను ఆ గదిలోనే పేపరు చదువుతున్నాను. ఆడవాళ్ళ మధ్య ఉండకూడదని లేచి చెప్పులు వెతుక్కున్నాను.

"ఎల్లకండి మావయ్యా, కూకోండి" అంది తల ఎత్తకుండానే.

కూర్చున్నాను. పేపరు మడిచి పక్కన పెట్టాను. వంటింట్లో కుక్కరు కూత పెడితే మా ఆవిడ వెళ్ళి కట్టేసి వచ్చి, కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది.