చుంచని చెప్పిన ఎలుక

మా ఇంట్లో ఏది కొరికి పడున్నా ముందు నన్నే పిలుస్తారు. నేను చదివింది మూడో తరగతి వరకే అయినా, ఈ విషయంలో మా కోడలు కూడా నా మాటకు ఎదురు చెప్పదు. పెంటికలు చూస్తే చాలు, నాకు తెలిసిపోతుంది. జీలకర్రలా సన్నగా ఉంటే చిట్టెలుక. వడ్లగింజ కంటే లావుగా, పొడుగ్గా ఉంటే అటకల మీద, దూలాల మీద తిరిగే పెద్దెలుక. గోడ పక్కన మన్ను కుప్పలు పోస్తే పందికొక్కు. ఇక చుంచు ఉంది, పొడుగు ముక్కుది, కంపు కొట్టేది. చూడ్డానికి ఎలుకలాగే ఉంటుంది గానీ గింజ ముట్టదు, గుడ్డ కొరకదు. బొద్దింకలు తిని గోడవారగా పోతుంది. ఎవరైనా చుంచును కొట్టబోతే నేను కేకలేస్తాను.

పోయిన పంట వడ్ల బస్తాలు తిండికని నడవలో పేర్చిన తర్వాత మా ఇంట్లోకి పెద్దెలుకలు దిగాయి. మందు పెట్టడం మాకు లేదు. వినాయకుడి వాహనమని ఒకటి, డబ్బిచ్చి కొన్న మందు తిని అది అటక మీద చస్తే మళ్లీ మనమే ఎక్కి తీయాలని ఇంకొకటి. అందుకని బోను పెడతాను. ఎండుకొబ్బరి ముక్క కాస్త కాల్చి కొక్కేనికి గుచ్చితే ఆ వాసనకు వస్తాయి. ఎలుక తినగా మిగిలిన ముక్కను పారేయను, మళ్లీ గుచ్చుతాను.

పడినదాన్ని కాలువ దాటించి వదలమని మా కొడుకు చెప్పాడు. నీళ్లు దాటించకపోతే తిరిగి వస్తుందట. కాలువ వంతెన చాలా దూరం. నా మోకాళ్లు అంత దూరం నడవవనుకున్నాను. ఎలుక కోసం ఆటో ఎక్కడానికి నాకు మనసొప్పలేదు. మా వీధి చివర రేకుల ఇళ్ల వెనక కంపచెట్లున్నాయి. తెల్లవారుతూనే బోనును కొంగు కింద దాచుకుని పోయి, అక్కడ తలుపు ఎత్తి వచ్చేదాన్ని.

"కాలువ దాటించినావామ్మా?" అని కొడుకు అడిగితే "ఊ" అనేదాన్ని. ఒక్కటి కాదు, పడినవన్నీ అక్కడికే చేర్చాను.

ఆ రేకుల ఇళ్లలో ఒకామె జాకెట్లు కుట్టేది. భర్త రైస్‌మిల్లులో హమాలీ. మా ఇంటి ఆడవాళ్ల గుడ్డలన్నీ ఆమె దగ్గరికే పోయేవి. ఒకరోజు కాగితంలో ఏదో పొట్లం కట్టుకుని వచ్చింది.

"అవ్వా, రోంత సూడు. మిషన్ కింద పడిండాయి. ఇది ఎలుకనా, చుంచునా?"

పొట్లం విప్పాను. వడ్లగింజ కంటే లావు. ఆ ఇళ్లలో బస్తాలున్నాయా, అటకలున్నాయా? నేను తెచ్చి వదిలితే తప్ప పెద్దెలుకకు అక్కడేం పని?

"ఇంట్లో పెండ్లిగుడ్డలు ఉండాయవ్వా, మెయిన్ రోడ్డోళ్లవి. పట్టుచీరకు ఫాల్ కుట్టల్ల, జాకెట్లు కుట్టల్ల. ఇది బాగా కుదిరితే ఆ వీధి ఆడోళ్లంతా నా తానకే వస్తారు. అందుకే భయమవుతాండాది."

నేను పొట్లం మూసేశాను. "చుంచు మే ఇది. బట్టల జోలికి రాదు. దిగులు పడకుండా సుమ్నే ఉండు," అన్నాను.

పెద్దెలుక అంటే, యాడనుంచి వచ్చిందని అడుగుతుంది కదా. ఆ మాట రాకూడదనే అలా అన్నాను. పోనీ, ఎందుకైనా మంచిది, చీరను డబ్బాలో పెట్టుకో అనైనా అనలేదు. అంటే అనుమానపడుతుందనుకున్నాను. ఆమె నమ్మింది. పోతూ పోతూ, మా వాకిట్లో ఆరబోసిన మిరపకాయల మీద నుంచి కోడిని కూడా తోలి పోయింది.

ఆ వారంలోనే చీర పట్టుకుని పరుగున వచ్చింది. మడతల మీద తొలిచింది కదా, విప్పితే అంచు పొడవునా చిల్లులే.

"చుంచు కొరకదంటివి కదవ్వా!"

మా కోడలు వంటింట్లోంచి, "మా అత్త ఎన్నడూ తప్పు చెప్పదు మే. ఇది యాదో కొత్త రకం చుంచుండాల," అంది. నవ్వించాలని అన్న మాట. మేమిద్దరం నవ్వలేదు.

నేను చెప్పులేసుకుని ఆమెతోపాటు పెళ్లివారింటికి బయల్దేరాను. ఆ ఇల్లు కాలువ వంతెనంత దూరం ఉంటుంది. నడవగలిగాను.

పెళ్లికూతురి తల్లి చీరను వెలుతురుకెత్తి చూసింది. ఆమె నోరు తెరిచేలోపే చెప్పాను: "ఈ పిల్ల తప్పేం లేదమ్మా. ఆ ఎలుక మా ఇంటిది. నేనే పట్టి వీళ్ల ఇంటెనక ఇడిసినా."

"ఎలుకకు ఇంటిపేరుంటాదా అవ్వా?" అని ఆమె కుట్టుపనామె వైపు తిరిగింది. "ముసలామెను పిల్చకొచ్చి చెప్పిస్తాండావా? మిగతా గుడ్డలు ఇప్పుడే తెచ్చిచ్చెయ్. కుట్టినవీ కుట్టనివీ, అన్నీ."

నా పెట్టెలో ఉన్న పట్టుచీర ఇస్తానన్నాను.

"నీ కాలం చీర నా కూతురు కడతాదా? బలే చెప్తివి."

తిరిగి వచ్చేటప్పుడు కుట్టుపనామె వీధి మలుపులో ఆగింది.

"అవ్వా, ఆపొద్దు పొట్లం ఇప్పినప్పుడే నీకు తెలుసునా?"

"తెలుసు మే."

"తెలిసే చుంచన్నావా?"

నేను తలూపాను.

"డబ్బా ఉండాదవ్వా నా తాన. ఒక్క మాట చెప్పింటే చీర దాంట్లో పెట్టుకుందును."

కోపంగా అనలేదు. తిట్టుంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

మెయిన్ రోడ్డు ఆడవాళ్లు ఆమె దగ్గరికి రాలేదు. ఎలుక కొరికే ఇల్లని మా వీధివాళ్లు కూడా మానుకున్నారు. ఇప్పుడామె భర్తతోపాటు మిల్లుకు పోయి బస్తాల మూతులు కుడుతోంది.

మొన్న జాకెట్టు గుడ్డ తీసుకుని ఆమె ఇంటికి పోయాను. కూర్చోమని పీట వేసింది. గుడ్డ మాత్రం అందుకోలేదు.

"కుట్టేది ఇడిసిపెట్టినానవ్వా," అంది.

"నాదొక్కటే గదా మే," అన్నాను.

ఆమె రెండు అరచేతులూ చూపించింది. "గోనె పట్టి పట్టి గరుకైనాయి. సన్న గుడ్డ ముట్టుకుంటే పోగులు లేస్తాండాయి."

అరచేతుల మీద గీతల్లో మిల్లు దుమ్ము దిగిపోయి ఉంది. గుడ్డ మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. బజారులో ఇంకొకామె తక్కువకే కుడుతుందని కోడలు చెబుతూనే ఉంది. ఇవ్వలేదు.